పాలడైరీ కూడలి చౌడేశ్వరి

ఆ జిల్లా కేంద్రంలో విగ్రహం లేని కూడలి ఒక్కటే మిగిలింది. అది పాలడైరీ కూడలి. మిగతా కూడళ్లన్నిటిలో ఎవరో ఒకరు వేలు చాపో, పుస్తకం పట్టుకునో, గుర్రం ఎక్కో నిలబడి ఉన్నారు. ఒకటి రెండు చోట్ల ఇద్దరేసి ఉన్నారు. పాలడైరీ దగ్గర మాత్రం ఉత్త పీఠం. ఎవరిని నిలబెట్టాలో తేలకముందే పీఠం టెండరు పూర్తయిపోయింది. దానిమీద ఒక ఎర్రకుక్క పడుకునేది. పెద్దవాళ్లెవరైనా కారులో ఆ దారిన పోతుంటే మార్కండేయులుగారికి నడిబజారులో పంచె ఊడినట్టుండేది.

మార్కండేయులుగారు జిల్లా క్రీడా వికాస మండలి కార్యదర్శి. ఆయన ఏ ఆటా ఆడి ఎరగరు. అంతకుముందు మత్స్యశాఖలో ఉన్నారు, ఆ ముందు పట్టుపరిశ్రమలో. చేపకీ, పురుగుకీ, పిల్లలకీ ఫైలు ఒకటేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు.

ఇట్లాంటి కాలంలో చౌడేశ్వరి ఒక గోల్ చేసింది.

చౌడేశ్వరిది నల్లరాళ్లపల్లి. మండలి వారి క్రీడా పాఠశాలలో ఉండి చదువుకుంటూ హాకీ ఆడుతుంది. ముందు వరుసలో ఆడే ఫార్వర్డ్. మాట తక్కువ. నాయనతో గొర్రెల వెంట తిరిగి పెరిగిన పిల్ల కాబట్టి, ఏ గొర్రె ఎటు మళ్లబోతుందో అది మళ్లకముందే తెలిసిపోయేది. మైదానంలోనూ అంతే. ఎవరు ఎక్కడికి పరిగెత్తబోతున్నారో వాళ్లకన్నా ముందు ఆమె బంతికి తెలిసేది. నిజానికి ఆమెకు గోల్ కొట్టడంకన్నా కొట్టబోయేవాళ్లకు బంతి అందించడమే ఇష్టం. కానీ ఆ రోజు, మండల పోటీల్లో, తోటి ఫార్వర్డ్ దిల్షాద్ కాలు జారి పడింది. బంతి ఇవ్వడానికి ఎవరూ లేక చౌడేశ్వరి తానే కొట్టేసింది. దాన్ని ఎవరో ఫోన్లో తీశారు. వెనక డప్పుల మోత చేర్చారు. సాయంత్రానికి జిల్లా మొత్తం చూసింది. మర్నాటికి మంత్రిగారు చూశారు.

మంత్రిగారు ఆ వారంలోనే ఒక సభలో మైకు పట్టుకుని, "మన చౌడేశ్వరి రాష్ట్ర ఫైనల్లో మూడు గోల్స్ కొడుతుందని ఈ వేదిక మీద నుంచి మీ అందరికీ హామీ ఇస్తున్నా" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జనం పక్కనే కూర్చున్న మార్కండేయులుగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మంత్రిగారి హామీలు అమలు చేయాల్సిన శాఖలవారు చప్పట్లు కొట్టరు.

ఆ వార్తను దిల్షాద్ హాస్టల్ భోజనాల వరండాలోకి మోసుకొచ్చింది.

"ఏమ్మే, నీ తరపున మంత్రి హామీ ఇచ్చేసినాడంట. మా ఊరికి రోడ్డేస్తానని గూడా ఇచ్చినాడు, నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు. నీ గోల్సు ముందొస్తాయో, మా రోడ్డు ముందొస్తాదో సూడాల."

చౌడేశ్వరి చిత్రాన్నంలో పచ్చిమిరపకాయ పక్కకు తీసిపెట్టింది. "నన్ను అడగలేదు గదా దిల్షా."

"రోడ్డును గూడా అడగలేదులే."

*

అప్పుడే మూఢం ముంచుకొచ్చింది.

శుక్ర మూఢం పట్టిందంటే పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, విగ్రహావిష్కరణలుండవు. రాష్ట్ర పోటీలు సరిగ్గా మూఢంలో పడ్డాయి. మూఢం విడిచేనాటికి మంత్రిగారు విదేశీ అధ్యయన యాత్రలో ఉంటారు. పంచాంగం, పర్యటన ప్రణాళిక పక్కపక్కన పెట్టుకుని మార్కండేయులుగారు ఒక సమావేశం పెట్టారు. హాకీ శిక్షకురాలు ఎలీసమ్మ మేడంను కూడా పిలిచారు. ఆమెది వెనక వరుసలో, ఫ్యాను లేని వైపు కుర్చీ.

"గెలిచిన పిదప సన్మానించుట పాత పద్ధతి" అన్నారు మార్కండేయులుగారు. "దానివల్ల శుభకార్యము గ్రహములపై, క్రీడాకారులపై ఆధారపడవలసి వచ్చుచున్నది. కావున సదరు మూడు గోల్స్ ఇప్పటికే జరిగినట్లు భావించి, మూఢమునకు ముందే పాలడైరీ కూడలియందు కుమారి చౌడేశ్వరి విగ్రహమును ప్రతిష్ఠించుటకు తీర్మానించడమైనది."

ఎలీసమ్మ మేడం లేచి నిలబడింది. "ఆట ఇంకా ఆడనే లేదు గదా సార్?"

"ఆట మీ సెక్షన్ మేడం. విగ్రహం మా సెక్షన్. ఒకరి సెక్షన్లో ఒకరు వేలు పెట్టవద్దు. కూర్చోండి."

"ఒకవేళ ఆ పిల్ల మూడు కొట్టకపోతే?"

ఈ ప్రశ్నకు ఇంజనీరుగారు జాలిగా నవ్వారు. "విగ్రహం పెట్టాక కొట్టకుండా ఎట్లుంటుంది మేడం? బాధ్యత వస్తుంది కదా!"

అందరూ తలలూపారు. జీడిపప్పు పళ్లేలు ఖాళీ అయ్యాయి.

విగ్రహానికి ముందు ఫ్లెక్సీ వేయాలి. అది ఆ ఊరి ఆచారం. ఫ్లెక్సీ షాపులో చౌడేశ్వరి ఫొటోను కుడివైపు పెట్టి, మంత్రిగారి ఫొటోను మధ్యలో పెట్టారు. ముద్రణకు పోయే ముందు మార్కండేయులుగారు చూసి ఉలిక్కిపడ్డారు. ఫొటోలో పిల్ల బంతి వెంట కుడివైపుకు పరుగెత్తుతోంది. అంటే మంత్రిగారికి వీపు చూపిస్తోంది!

"ఏమయ్యా, నా ఉద్యోగం తీయిస్తావా? అమ్మాయిని ఇటు తిప్పు."

షాపతను మౌస్ ఒక్కసారి నొక్కాడు. చౌడేశ్వరి గిర్రున తిరిగి మంత్రిగారి వైపు పరుగు లంకించుకుంది. ఇప్పుడామె ముఖంలో భక్తి కనబడుతోందని అందరూ ఒప్పుకున్నారు. ముఖం ముడుచుకుని ఉంది, ఫంక్షన్‌కు బాగుండదని, వేరే ఎవరి పెళ్లి ఫొటోలోంచో ఒక నవ్వు తెచ్చి అతికించారు. ఆ నవ్వులో పళ్లన్నీ ఉన్నాయి.

విగ్రహం చేసే ఆచారికి అమ్మాయిని చూసే తీరిక లేదు. మూఢంలోగా ఇవ్వాలి. ఫ్లెక్సీ చూసి పోత పోసేశాడు.

*

ఆవిష్కరణకు నల్లరాళ్లపల్లి నుంచి చౌడేశ్వరి జేజిని జీపులో తెచ్చారు. జేజి కొత్తచీర కట్టుకుని, మంత్రిగారి పక్కన నిలబడి, ముసుగు గుడ్డ జారగానే తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది యెవురు?" అంది.

"మీ మనవరాలేనమ్మా!" అన్నారు మార్కండేయులుగారు.

"నా మనవరాలు ఇట్ల ఇకిలించదు నాయనా. ఇదేంది, ఎడంచేతి వాటంగా కర్ర పట్టుకోనుండాది? మా చౌడి ఎడంచేత్తో గడ్డిపోచ గూడా ఎవురికీ ఇయ్యదు."

ఈలోగా మంత్రిగారు పెద్ద బంతిపూల దండ విగ్రహం మెడలో వేశారు. జేజి ముఖం పాలిపోయింది. జీపు చాటున నిలబడి ఉన్న చౌడేశ్వరి రెక్క పట్టుకుని గుంజి, తల నుంచి కాళ్లదాకా తడిమింది.

"బతికున్న పిల్లకు బొమ్మ జేసి దండేస్తారా? సచ్చినోళ్లకు గదా ఏస్తారు! ఓ సామీ, నా పిల్ల యిక్కడుండాది, యిక్కడ!"

మైకులో ఎవరో "వృద్ధురాలి ఆనందబాష్పాలు" అని ప్రకటించారు. జనం ఈలలు వేశారు.

చౌడేశ్వరి మాత్రం విగ్రహం చేతులకేసే చూస్తోంది. హాకీ కర్రకు ఒక పక్క చదును, మరో పక్క గుండ్రం. చదును పక్కతోనే ఆడాలి. గుండ్రం పక్క బంతికి తగిలితే ఫౌల్. అందుకే ఎడమ చెయ్యి కర్ర పైకొసన, కుడి చెయ్యి దాని కింద ఉండాలి. ఎడమ వాటం కర్రకు ఆటలో అనుమతే లేదు. విగ్రహం చేతులు తారుమారుగా ఉన్నాయి. అట్లా పట్టుకున్నదాన్ని ఎలీసమ్మ మేడం మొదటిరోజే మైదానం చుట్టూ పరిగెత్తించేది. చౌడేశ్వరి కుడి కనుబొమ్మ మీద చిన్నప్పుడు బంతి తగిలిన మచ్చ ఉంది. విగ్రహానికది ఎడమ కనుబొమ్మ మీద ఉంది. పీఠం మీద బంగారు రంగు అక్షరాల్లో ఇట్లా చెక్కారు: "రాష్ట్ర ఫైనల్లో మూడు గోల్స్ చేసి జిల్లా కీర్తిని ఇనుమడింపజేసిన కుమారి చౌడేశ్వరి."

"బాగా ఆడినావు మే" అంది దిల్షాద్ చెవిలో. "ఫైనల్లో నేనెట్ల ఆడినానో గూడా ఎవుర్నన్నా అడిగి చెప్పు."

*

రెండు రోజులకు ఒక స్థానిక పత్రిక విగ్రహం ఫొటో, పిల్ల ఫొటో పక్కపక్కన వేసి "వీరిలో చౌడేశ్వరి ఎవరు?" అని అడిగింది. మార్కండేయులుగారు ఆ రోజు కాఫీ తాగలేదు. వెంటనే విగ్రహ–క్రీడాకారిణి సమన్వయ కమిటీ ఏర్పాటయింది. అందులో ఇంజనీరుగారు, సాంస్కృతిక అధికారిగారు, కోరం కోసం ఒక పశువైద్యాధికారిగారు సభ్యులు.

చౌడేశ్వరిని పాలడైరీ కూడలికి తీసుకుపోయి విగ్రహం పక్కన నిలబెట్టారు. ఇంజనీరుగారు టేపుతో ఇద్దరినీ కొలిచారు. ట్రాఫిక్ ఆగిపోయింది. పాలక్యాన్ల ఆటో అతను తల బయటపెట్టి, "ఏం సార్, పాపకు గూడా సిమెంటు పోస్తారా?" అని అడిగాడు.

"చాలా డీవియేషన్ ఉంది" అన్నారు ఇంజనీరుగారు. "ఎత్తు తక్కువ. మచ్చ తప్పు. చేతులు పూర్తిగా రాంగ్. ప్లానుకూ సైటుకూ పొంతన లేదు."

"విగ్రహాన్ని సరిదిద్దితే?" అంది ఎలీసమ్మ మేడం.

మార్కండేయులుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "ప్రతిష్ఠించిన విగ్రహాన్ని మూఢంలో ముట్టుకుంటారా? అందులోనూ మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరించినది! విగ్రహము తప్పు అంటే మంత్రిగారు తప్పుడు విగ్రహమును ఆవిష్కరించినట్లు. అది అసంభవము. కావున విగ్రహమే అసలు. ఈ అమ్మాయి నకలు. నకలును అసలుతో సరిపోల్చి సవరించుట కార్యాలయ ధర్మము."

ఎత్తు విషయంలో పీఠంతో కలిపి కొలవాలా, పీఠం లేకుండానా అని చర్చ సాగింది. అమ్మాయి పీఠంతో పరిగెత్తడం కష్టమని పశువైద్యాధికారిగారు అభిప్రాయపడ్డారు. పీఠాన్ని మినహాయించి, మడమ మందం బూట్లు మంజూరు చేశారు. మచ్చ విషయంలో సాంస్కృతిక అధికారిగారు, "ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు పెడితే సరిపోతుంది కదా" అని పశువైద్యాధికారి వైపు చూశారు. ఆయన తన సంచి దగ్గరికి లాక్కుని, "నేను దున్నలకు తప్ప పెట్టను సార్" అన్నారు. ఆ ఒక్క కారణంగా చౌడేశ్వరి కనుబొమ్మ మిగిలింది. కాటుక పెన్సిల్‌తో గీసుకోమన్నారు.

చివరికి ఉత్తర్వు వెలువడింది. రాష్ట్ర పోటీలు ముగియు వరకు కుమారి చౌడేశ్వరి విగ్రహము వలె ఎడమచేతి వాటముగా ఆడవలెను. ఆట ఆసాంతము విగ్రహము వలె నవ్వవలెను. ఇందుకు భిన్నముగా ప్రవర్తించినచో క్రీడా పాఠశాలలో సీటు రద్దగును.

చౌడేశ్వరి ఆ ఉత్తర్వు చదివి మడిచి, ఎలీసమ్మ మేడం చేతికిచ్చింది.

"ఎడం వాటంగా ఆడితే ముట్టుకున్న ప్రతిసారీ ఫౌలే గదా మేడం?"

"ఊ."

"ఫైనల్‌కు జాతీయ శిబిరం సెలెక్టర్లు వస్తారంట గదా?"

"వస్తారు."

సీటు పోతే మళ్లీ నల్లరాళ్లపల్లి. అక్కడ గొర్రెలున్నాయి గానీ మైదానం లేదు, బంతిని తిరిగి ఇచ్చేవాళ్లు లేరు. సీటు నిలబడాలంటే ఫౌళ్లు చేస్తూ నవ్వాలి. అట్లా నవ్వేదాన్ని ఏ సెలెక్టరూ పిలవడు. ఎటు చూసినా గోడే. చౌడేశ్వరి పెన్సిల్ తీసుకుని ఎడమ కనుబొమ్మ మీద మచ్చ గీసుకుంది. ఎడమ చేత్తో గీసేసరికి అది చెవిదాకా పోయింది.

*

సెమీఫైనల్లో ఆమె ఉత్తర్వు ప్రకారమే ఆడింది. మడమ బూట్లలో పరిగెత్తింది. పళ్లన్నీ కనబడేలా నవ్వింది. బంతి దగ్గరికి పోయిన ప్రతిసారీ కర్ర గుండ్రం పక్క తగిలింది, అంపైరు ఈల ఊదాడు. అవతలి జట్టు పిల్ల ఒకతె కోపంతో, "పడేస్తావు, మళ్లీ నవ్వుతావా? నీ మొహం మండ!" అంది. చౌడేశ్వరి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. దిల్షాద్ ఒంటిచేత్తో జట్టును లాక్కొచ్చి, ఆఖర్లో ఎట్లాగో గట్టెక్కించింది.

గ్యాలరీలో మార్కండేయులుగారి ఆనందానికి అవధుల్లేవు. "చూశారా! మన అమ్మాయి బంతి ముట్టుకుంటే చాలు, అంపైరంతటివాడు ఆగలేక ఈల వేస్తున్నాడు. సినిమాహాల్లో కూడా ఇన్ని ఈలలు నేను వినలేదు."

పక్కనున్న ఎలీసమ్మ మేడం నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. కొన్ని విషయాలు వివరించాలంటే మత్స్యశాఖ నుంచి మొదలుపెట్టాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర దిల్షాద్ అరికాలికి మంచు రుద్దుకుంటూ అంది: "మే చౌడీ, రేపు గూడా యిట్లనే నవ్వుతావా? నేనొక్కదాన్నే ఉరకలేను మే. నువ్వు బంతి యిస్తే నేను ఎగిరిపోతా. నువ్వియ్యకపోతే నేనొట్టి గాలి."

"సీటు పోతాది దిల్షా."

"నీ సీటు నువ్వే గదా సంపాదించుకున్యావు. ఆ బొమ్మ సంపాదించిందా?"

చౌడేశ్వరి ఆమె చేతిలోని మంచుగడ్డ అందుకుని తానే రుద్దసాగింది.

ఫైనల్ మొదటి సగం కూడా ఈలలతోనే గడిచింది. అవతలివాళ్లు ఒక గోల్ ముందున్నారు. వాళ్లూ పేపరు చదివినవాళ్లే. ఈ పిల్ల మూడు గోల్స్ చేస్తుందని శిలాఫలకమే వేశారంటే మాటలా! అందుకని ముగ్గురిని ఆమె చుట్టూ కాపలా పెట్టారు. చౌడేశ్వరి ఎటు పోతే ముగ్గురూ అటు పోతున్నారు. మంద కట్టుకుని.

మంద అనుకోగానే ఆమెకు ఏదో స్ఫురించింది.

రెండో సగం మొదలైంది. బంతి ఆమె ముందుకు దొర్లింది. ముగ్గురు కాపలాదార్లూ మీదికొచ్చారు. ఎడమవైపు మైదానమంతా ఉత్త బీడులా పడి ఉంది. అక్కడెవరూ లేరు. కానీ ఇంకో క్షణంలో దిల్షాద్ ఉంటుంది. దిల్షాద్‌కు ఇంకా తెలియదు, చౌడేశ్వరికి తెలుసు. దిల్షాద్ భుజం అప్పుడే అటు వంగుతోంది. ముందటి గొర్రె చెవి కదిలినట్టు.

చౌడేశ్వరి చేతులు వాటంతటవే మారాయి. ఎడమది పైకి, కుడిది కిందికి. మడమ బూట్లు విదిలించి పక్కకు తన్నింది. నవ్వు కూడా ఎక్కడో పడిపోయింది. కర్ర చదును పక్క బంతిని ముద్దుపెట్టుకున్నట్టు తాకింది. ఈల మోగలేదు. మైదానంలో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! బంతి ముగ్గురి మధ్యనుంచి దూరి ఖాళీ చోటికి పోయింది, దిల్షాద్ అప్పుడే అక్కడికి వచ్చింది. గోల్.

మరి కాసేపటికి మళ్లీ అట్లాగే. ముగ్గురు ఆమె మీదికి, బంతి దిల్షాద్ దగ్గరికి, దిల్షాద్ నుంచి వల లోపలికి. ఆట ముగిసింది. జిల్లా జట్టు రెండు–ఒకటి స్కోరుతో రాష్ట్ర ఛాంపియన్ అయింది. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. వట్టికాళ్ల చౌడేశ్వరి అడుగున ఉంది.

గ్యాలరీలో మార్కండేయులుగారు తల పట్టుకుని కూర్చున్నారు. "ఈలలు ఆగిపోయాయి. అప్పుడే అనుకున్నాను."

*

సమీక్షా సమావేశంలో గాలి కూడా మెల్లగా వీచింది.

"లక్ష్యం, చౌడేశ్వరి చేయవలసిన మూడు గోల్స్" అని చదివారు మార్కండేయులుగారు. "సాధించినది, శూన్యము."

"కానీ గెలిచాం కదా సార్?" అంది ఎలీసమ్మ మేడం.

"గెలుపు మన అజెండాలో లేదు మేడం. అది ఎట్లు సంభవించినదో వేరుగా విచారించవలసి ఉన్నది."

"దిల్షాద్ చేసిన రెండు గోల్స్‌ను చౌడేశ్వరి ఖాతాకు బదలాయిస్తే?" అన్నారు సాంస్కృతిక అధికారిగారు. "ఇంకొకటి సర్దుబాటు చేసుకోవచ్చు."

స్కోరు రాసేవాళ్లు వేరే జిల్లావాళ్లు కాబట్టి అది కుదరలేదు. పోనీ, పీఠం మీద పేరు మారిస్తే? మార్కండేయులుగారి ముఖం విప్పారింది. దిల్షాద్‌ను పిలిపించారు. ఆ పిల్ల గుమ్మంలోనే పరిస్థితి కనిపెట్టింది.

"నాకొద్దు సార్. మా యింట్ల బొమ్మలు ఒప్పుకోరు. మా అబ్బ చంపేస్తాడు" అని, చెప్పులు చేతపట్టుకుని వెళ్లిపోయింది. మతపరంగా సున్నితమైన అంశమని కమిటీ వెనక్కి తగ్గింది. ఆ మాట నిజమే అయినా, అంత వేగంగా మతాన్ని పాటించడం హాస్టల్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. జాతీయ శిక్షణ శిబిరం నుంచి పిలుపు వచ్చింది. సెలెక్టర్లు మొదటి సగం చూసి చౌడేశ్వరి పేరు కొట్టేశారట. రెండో సగం చూసి మళ్లీ రాశారట, కింద గీత గీసి. ఆమెను పంపుతూ, ఆమె ఫలానా చౌడేశ్వరి అని జిల్లా మండలి ధ్రువీకరించి ఇవ్వాలి. గడువు దగ్గర్లోనే ఉంది.

మార్కండేయులుగారు కలం మూత తీసి, మళ్లీ పెట్టేశారు. ఎదురుగా చౌడేశ్వరి నిలబడి ఉంది. కనుబొమ్మ మీద పెన్సిల్ గీత లేదు.

"ఏమని సంతకం పెట్టమంటావమ్మా? నువ్వే చౌడేశ్వరివి అని రాస్తే, చౌడేశ్వరి మూడు గోల్స్ చేసినట్లు పీఠం మీద ఉంది. నువ్వు ఒక్కటీ చేయలేదు. చౌడేశ్వరిది ఎడమచేతి వాటం. నీది కుడి. రేపెవరైనా విచారణ వేస్తే విగ్రహం బోగస్ అని తేలాలి, లేదా నువ్వు బోగస్ అని తేలాలి. విగ్రహాన్ని మంత్రిగారు ఆవిష్కరించారు." ఆయన కలం పక్కన పెట్టారు. "నిన్ను ఎవరూ ఆవిష్కరించలేదు."

"అయితే పంపరా సార్?"

"పంపకూడదని కాదమ్మా. నువ్వెవరో తేలడం లేదు."

మాట తక్కువ పిల్ల మాట్లాడాలంటే ముందు ఊపిరి కూడదీసుకోవాలి.

"సార్. ఆ యమ్మ వేరే, నేను వేరే. అట్లే రాసియ్యండి."

మార్కండేయులుగారు కళ్లజోడు తీశారు.

"ఆ యమ్మే జిల్లా కీర్తి పెంచింది. మూడు గోల్స్ ఆ యమ్మే చేసింది. నేను అదే పేరున్న ఇంకో పిల్లను. నల్లరాళ్లపల్లి పిల్లను. ఆ యమ్మకూ నాకూ ఏం సంబంధం లేదని రాసియ్యండి. నా తప్పులు ఆ యమ్మకు తగలవు. ఆ యమ్మ గోల్సు నాకు తగలవు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత శుభ్రమైన పరిష్కారం మార్కండేయులుగారి బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడు స్వహస్తాలతో రాశారు. "నల్లరాళ్లపల్లి వాస్తవ్యురాలును, చౌడేశ్వరి అను పేరు గలదియు నగు ఈ బాలిక మా జిల్లాకు చెందినదే. పాలడైరీ కూడలియందు వెలసిన చౌడేశ్వరితో ఈమెకు ఎట్టి సంబంధముగాని, పోలికగాని లేవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ముద్ర సరిగా పడలేదని మళ్లీ కొట్టారు.

"బాగా ఆడుకోమ్మా" అన్నారు ప్రేమగా. "ఎన్ని గోల్స్ చేస్తావో నీ ఇష్టం. మాకేం అభ్యంతరం లేదు."

క్రీడా పాఠశాలలో ఆమె సీటు రద్దయిందన్న ఉత్తర్వు కూడా అదే రోజు వచ్చింది. అప్పటికే ఆమె పెట్టె సర్దుకుని ఉంది.

*

చౌడేశ్వరి శిబిరానికి పోతున్న బస్సు పాలడైరీ కూడలి దగ్గర నెమ్మదించింది. మూఢం విడిచింది గానీ విగ్రహాన్ని ఇప్పుడు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు పీఠం మీద పేరు చదివించుకుని, చౌడేశ్వరమ్మ కొత్తగా వెలసిందని పసుపు కుంకుమలు పూయడం మొదలుపెట్టారు. కర్ర చివర నిమ్మకాయలు గుచ్చారు. ఎర్రకుక్క నీడలో కూర్చుని కొబ్బరిముక్క తింటోంది. పీఠం ముందు క్రీడా పాఠశాల కొత్త బ్యాచ్ చిన్నపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో కర్రలు. అందరి చేతులూ తారుమారుగా. అందరి పళ్లూ కనబడుతున్నాయి. కొత్త శిక్షణ విధానమట. వెనక ఎలీసమ్మ మేడం, ఎవరూ చూడనప్పుడు ఒక్కొక్క పిల్ల చేతులనూ పట్టి సరిచేస్తూ పోతోంది. చివరిదాకా పోయి తిరిగి మొదటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు మళ్లీ తారుమారవుతున్నాయి.

చౌడేశ్వరి పక్కన కూర్చున్న ముసలామె కిటికీలోంచి రెండు చేతులూ జోడించింది.

"మొక్కుకో మ్మే. కొత్తగా వెలసిన తల్లి. ఎడంచేత్తో దుష్టుల్ని కొడతాదంట, కుడిచేత్తో మనకిస్తాదంట. శానా మహత్తెం."

చౌడేశ్వరి కూడా చేతులు జోడించింది. తనను వదిలేసినందుకు ఆ తల్లికి అంతకన్నా ఏం చేయగలదు?

"నీ పేరేంది కూతురా?"

"చౌడేశ్వరి."

"ఓయమ్మా! ఆ తల్లి పేరే!" ముసలామె ఆమె బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. తర్వాత ఒకసారి విగ్రహం వైపు, ఒకసారి పిల్ల వైపు చూసి, బరువైన బాధ్యతేదో అప్పగిస్తున్నట్టు అంది: "అంత పెద్ద పేరు పెట్టుకున్యావు. ఆ యమ్మ పేరు నిలబెట్టల్ల మరి."

చౌడేశ్వరి నవ్వింది. పళ్లు కనబడకుండా.